పాత పచ్చ

వైరు కీబోర్డుల కాలం అయిపోయిందనుకునేవాళ్లు ఒక్క పూట ఆ షెడ్డులో నిలబడితే చాలు, భ్రమ వదులుతుంది. పొద్దున హారన్ కూసిన దగ్గర్నుంచి బెల్టు మీద నల్లటి కీబోర్డులు, వైర్లు చుట్టలు చుట్టుకుని, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. ఆఫీసు గుమాస్తాకి, బళ్లో కంప్యూటర్ గదికి, ట్యాబ్‌కి తగిలించుకుని పాఠాలు రాసుకునే పిల్లకి, టీవీ ముందు గేమ్ పెట్టె పెట్టుకుని లోకం మరిచే కుర్రాడికి, అందరికీ అక్కణ్నుంచే. అట్టపెట్టెలోకి వెళ్లేముందు ప్రతి బోర్డునీ మూడు యంత్రాలకి గుచ్చి చూడాలి. ముందు కంప్యూటర్, తర్వాత ట్యాబ్, చివర గేమ్ పెట్టె. గుచ్చడం, రెండు అరచేతులతో మీటలన్నీ ఒక్క ఊపులో నొక్కడం, పీకడం. గంటకి డెబ్బై బోర్డులు. ఈ పని మొత్తం ఆడవాళ్లదే. ఆడవాళ్ల వేళ్లు సున్నితమని కంపెనీ అంటుంది. వాళ్ల నోళ్లు కూడా సున్నితమేనని లోపల్లోపల అనుకున్న సంగతి మాత్రం అనదు.

మూడో బల్ల దగ్గర ఇరవయ్యేడో నంబరు స్టిక్కర్ల చుట్టతో కూర్చునే మనిషిని అందరూ పచ్చలైటక్క అనేవారు. బోర్డు గుచ్చగానే తెర మీద దాని బొమ్మ వస్తుంది. నొక్కిన మీట నొక్కినట్టు ఆకుపచ్చగా వెలుగుతుంది. అన్నీ పచ్చబడితే బోర్డు మంచిది. వెనక తన నంబరు అంటించి పక్కన పెట్టెయ్యొచ్చు. ఆమె చేతికింద పచ్చబడినంత వేగంగా ఇంకెవరి దగ్గరా తెర పచ్చబడేది కాదు. ఎందుకంటే ఆమె వైరు చివరి పిన్ను వంక చూసేదే కాదు. ఈ పిన్నుకి ఒక దుర్గుణం ఉంది, పైవైపు కిందికొస్తే దిగదు. "అలిగిన అల్లుడమ్మా ఇది, ఎప్పుడు పట్టుకున్నా అటు తిరిగే ఉంటుంది," అనేది కొత్తగా చేరినవాళ్లతో. పిన్ను పైవైపున గోటిముక్కంత గుర్తు ఉబ్బెత్తుగా ఉంటుంది. బొటనవేలు దాన్ని తడిమి తెలుసుకోవాలి. కళ్లతో చూసి గుచ్చేవాళ్లు గంటకి యాభై దాటరు.

పనిలోకి తీసుకున్న రోజున సూపర్‌వైజరు నేల మీద గుప్పెడు గుండుసూదులు పోసి ఏరమన్నాడు. ఏడుగురు కూర్చుని ఏరారు. అందరికంటే ముందు ఏరినది ఆమే. "వేళ్లు కావమ్మా ఇవి, అయస్కాంతాలు," అన్నాడతను. ఆ మాటని ఆమె తొమ్మిదేళ్లు నగలా దాచుకుంది.

ఆ షెడ్డులో ఒక శిక్ష ఉండేది. అమ్ముడైన బోర్డు పని చెయ్యక తిరిగొస్తే, వెనక ఎవరి నంబరుంటే వాళ్ల మెడలో ఆ బోర్డుని దాని వైరుతోనే వేలాడదీసేవారు. షిఫ్టు అయ్యేదాకా అలాగే పని. అలాగే అన్నాల గది. అలాగే బాత్రూము. ఏడాదిలో మూడుసార్లు మెడకెక్కితే మర్నాడు గేటు తెరుచుకోదు. అదే, ఒక్కసారి కూడా మెడకెక్కకుండా పదేళ్లు దాటితే పర్మినెంటు. ఇంత చక్కటి శిక్షని ఏ తెలివైనవాడు కనిపెట్టాడో గానీ కంపెనీకి ఖర్చే లేదు. వైరు బోర్డుతోనే వస్తుంది, మెడ మనిషితోనే వస్తుంది, నవ్వడానికి తోటివాళ్లు ఉండనే ఉన్నారు.

నవ్వేవాళ్లలో పచ్చలైటక్క గొంతే పైకి వినిపించేది.

అదే బల్లకి అవతలి వైపు, ముప్పయ్యొకటో నంబరుతో కూర్చునేది ఆమె సొంత తోడికోడలు, ఆ ఇంటి చిన్నకోడలు. అన్నదమ్ములిద్దరూ లారీల మీద పోతే వారానికోసారి ఇల్లు చేరేవాళ్లు. ఒకే ఇంటిని చెక్క అడ్డుగోడతో రెండు చేసుకున్నారు. ముందు వసారాలో మంచం అత్తది. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవెయ్యడమే అత్తకి కాలక్షేపం.

చిన్నకోడలు చేరిన రెండో ఏట ఒక బోర్డు తిరిగొచ్చింది. మెడలో వేసుకుని రోజంతా తలెత్తకుండా పని చేసింది. సాయంత్రం ఇంటికొచ్చాక పచ్చలైటక్క వసారాలో నిలబడి, చీర కొంగు మెడకి చుట్టి, చిన్నకోడలు వంగి వంగి నడిచిన తీరు నడిచి చూపించింది.

"అదేంటే పెద్దదానా, గంగిరెద్దులా?" అని అత్త పడీపడీ నవ్వింది.

"గంగిరెద్దుకి గంట ఉంటుంది కదత్తయ్యా. దీనికి అదీ లేదు."

అడ్డుగోడ అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అంతే. నాలుగేళ్లు గడిచినా చిన్నకోడలు ఆ మాట ఎత్తలేదు.

పదేళ్లకి ఇంకా ఎనిమిది నెలలుందనగా పచ్చలైటక్క కుడి బొటనవేలు చచ్చుపడటం మొదలైంది. నొప్పి కాదు, నొప్పయితే ఓర్చుకునేది. వేలి మీద ఎవరో కాగితం అంటించినట్టు, దాని వెనక నుంచి లోకాన్ని తాకుతున్నట్టు ఉండేది. తర్వాత చూపుడువేలు. తర్వాత ఎడమ చెయ్యి. పిన్ను మీద గుర్తు దొరకడం మానేసింది. స్టిక్కరు అంచు ఎక్కడుందో తెలియక వంకరగా అంటిస్తోంది. గంటకి డెబ్బై నుంచి అరవైకి, అరవై నుంచి యాభైకి పడిపోయింది. కంపెనీ డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చు. వెళ్తే కాగితం మీద "పనికి పనికిరాదు" అని రాస్తాడు. ఆ బల్లల మీద పాడైన చేతులన్నీ ఆ రెండు మాటలతోనే ఇంటికెళ్లాయి. యంత్రం అరిగితే నూనె పోస్తారు, మనిషి అరిగితే గేటు చూపిస్తారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అత్త కునుకు తీస్తుండగా, ఆమె అడ్డుగోడ దాటి వెళ్లింది. చిన్నకోడలు బట్టలు మడతపెడుతోంది.

"ఏమే, ఒక మాట."

"చెప్పక్కా."

పచ్చలైటక్క చేతులు చాపింది. చిన్నకోడలు మడత కింద పెట్టి, పక్కనున్న పిన్నీసు తీసి బొటనవేలి మీద ఆనించింది. "తెలుస్తోందా?"

"ఏది?"

"అయ్యో, గుచ్చాను కదక్కా. రక్తం వస్తోంది."

ఇద్దరూ ఆ చిన్న చుక్క వంక చూశారు.

"ఆరు నెలలే. ఆరు నెలలు ఎవరికీ తెలియకుండా లాగేస్తే చాలు. నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లెందుకులే. పెద్దదానివి." చిన్నకోడలు మళ్లీ మడతలో పడింది. మడతలు పెడుతూనే అంది: "ట్యాబ్‌కి గుచ్చడమేగా నీకు కష్టం? గాలిలో వేలాడే ఆ తోకని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో గుచ్చాలి. అది నేను చూసుకుంటా, కంప్యూటర్ కూడా. నీ బోర్డులూ నా బోర్డులూ అన్నీ నేనే చూసి నీ వైపు తోస్తా. గేమ్ పెట్టె బల్లకి బిగించి ఉంటుంది కదా, నువ్వు అదొక్కటి చూసుకుని స్టిక్కర్లు అంటించు. ఒకటి నీది, ఒకటి నాది."

ట్యాబ్‌కి కీబోర్డు పిన్ను నేరుగా పట్టదు. మధ్యలో జానెడు వైరు ముక్క తగిలించాలి. దాన్నే తోక అనేవారు. ఇలా పని పంచుకోవడం కంపెనీ రూల్ ప్రకారం తప్పు. తెలిసే ఒప్పుకుంది చిన్నకోడలు. ఎందుకు ఒప్పుకున్నావని తర్వాత చాలామంది అడిగారు. "రక్తం వచ్చినా తెలియలేదు కదా మరి," అనేది.

నెల రోజులు బాగానే సాగింది. తర్వాత గేమ్ పెట్టె కూడా మొండికేసింది. బిగించి ఉన్నా ఏం లాభం, పిన్నుకి పైదేదో కిందదేదో తెలియాలి కదా. ఒకసారి గుచ్చి, తిప్పి ఇంకోసారి గుచ్చి, మళ్లీ తిప్పి చూసేలోపు చిన్నకోడలు తోసిన బోర్డులు గుట్ట పడేవి. సూపర్‌వైజరు నడవలో చెప్పులు టపటపలాడిస్తూ తిరుగుతుంటాడు.

ఇక్కడ ఆ గేమ్ పెట్టె సంగతి ఒకటి చెప్పాలి. కంప్యూటర్ మీదా ట్యాబ్ మీదా బోర్డు పీకెయ్యగానే తెర తెల్లబడుతుంది. గేమ్ పెట్టె తెర అలా కాదు. పక్కనున్న బొత్తాం నొక్కి తుడిస్తేనే పోతుంది. తుడవకపోతే పోయిన బోర్డు పచ్చదనం అలాగే నిలిచి, వచ్చిన బోర్డు పచ్చదనంలా కనిపిస్తుంది. దాన్ని పాత పచ్చ అనేవారు. పైగా కొన్ని బోర్డులు కంప్యూటర్‌తో చక్కగా కాపురం చేసి, గేమ్ పెట్టె మొహం మాత్రం చూడవు. వాటిని పట్టుకోవడానికే ఆ మూడో పరీక్ష. పాత పచ్చ చూసి మోసపోతే పరీక్షే దండగ. ఈ లోపం కంపెనీకి తెలుసు. సరిచెయ్యమని పనివాళ్లు రెండుసార్లు రాసిచ్చారు. "మీరు బొత్తాం నొక్కడం మరిచిపోకపోతే సరి," అని జవాబు.

పచ్చలైటక్క మరిచిపోలేదు. కావాలనే నొక్కలేదు. దిగని బోర్డుని గుచ్చినట్టు చేసి, పాత పచ్చ వంక ఒక చూపు చూసి, వెనక స్టిక్కరు అంటించి తోసేసింది. అది ఇరవయ్యేడు. ఆ మధ్యాహ్నం అన్నాల గదిలో డబ్బా ముందు మెడ తడుముకుంటూ కూర్చుంది. ఒక్క బోర్డు చాలు, తొమ్మిదిన్నరేళ్లు గంగపాలు.

మర్నాడు ఇంకోటి దిగలేదు. ఈసారి ఆమె చెయ్యి రెండో చుట్ట మీదికి వెళ్లింది. ముప్పయ్యొకటి.

ఆ తర్వాత అదే పద్ధతి. దిగి పచ్చబడిన బోర్డుకి తన నంబరు, దిగని బోర్డుకి తోడికోడలి నంబరు. సాయంత్రానికి రెండు చుట్టలూ సమానంగా తరిగేలా మాత్రం చూసుకునేది. అంత జాగ్రత్త మనిషి. చిన్నకోడలు ఎదురుగానే కూర్చుని, తల వంచుకుని, తోకల్లో పిన్నులు గుచ్చుతూ ఉండేది. గుచ్చినవన్నీ మెల్లగా అక్క వైపు తోసేది.

రెండు నెలలకి తిరుగు బోర్డులు వచ్చాయి. ముప్పయ్యొకటివి రెండు. సూపర్‌వైజరు రెంటినీ కలిపి కట్టాడు. మీటలు రొమ్ముల మీద గుచ్చుకుంటుంటే చిన్నకోడలు పనిచేసింది. పచ్చలైటక్క ఆ రోజు నవ్వలేదు. అన్నాల గదిలో ఎవరో, "ఏంటక్కా, ఈసారి గంగిరెద్దు వేషం వెయ్యవా?" అంటే కసిరింది. ఇంటికెళ్లేటప్పుడు తోడికోడలి అన్నం డబ్బా కూడా తనే మోసింది.

డబ్బా మోసింది. మర్నాడు మళ్లీ ముప్పయ్యొకటి అంటించింది.

నెలన్నరకి ఇంకొకటి. మూడు వారాలకి మళ్లీ రెండు. ఈసారి సూపర్‌వైజరు వైరు మెడకి చుట్టబోతుంటే చిన్నకోడలు అతని చేతిలోంచి బోర్డు లాక్కుని తిరగేసింది.

"సార్, ఈ స్టిక్కరు చూడండి. వంకరగా ఉంది. నేను వంకరగా అంటించను."

"అయితే?"

"నేను అంటించలేదు. మా అక్క అంటించింది. గేమ్ పెట్టె తను చూస్తుంది, మొదటి రెండూ నేను చూస్తాను. తన వేళ్లకి స్పర్శ లేదు. కావాలంటే సూదితో గుచ్చి చూడండి."

షెడ్డు మొత్తం చేతులు ఆపేసింది. బెల్టు మాత్రం తిరుగుతూనే ఉంది.

"అంటే పని పంచుకున్నారా? అది ఇంకో తప్పు," అన్నాడు సూపర్‌వైజరు. తర్వాత పచ్చలైటక్క వైపు తిరిగాడు. "ఏమ్మా, నిజమేనా?"

పర్మినెంటుకి ఇంకా ఇరవై నాలుగు రోజులు. నిజమంటే ఇద్దరూ గేటు బయట. కాదంటే ఒక్కతే. ఆమెకి ఈ లెక్క వెయ్యడానికి ఊపిరి తీసినంత సేపు కూడా పట్టలేదు.

"తప్పు పట్టుబడ్డవాళ్లు ఏదో ఒకటి అంటారు సార్. మా ఇంట్లో సంగతులు మీకు తెలియనివా? మొదట్నుంచీ నేనంటే దానికి పడదు. పదేళ్లుగా నా బోర్డు ఒక్కటైనా తిరిగొచ్చిందా?"

సూపర్‌వైజరు ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. పెదవి చివర ఏదో కదిలింది. "రాలేదు," అన్నాడు. "పచ్చలైటు పచ్చలైటే."

మూడోసారి మెడకెక్కింది. సాయంత్రం చిన్నకోడలు బోర్డులు విప్పి బల్ల మీద పెట్టి, స్టిక్కర్ల చుట్ట అప్పగించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. మర్నాడు ఆ కుర్చీలో ఒక కొత్త పిల్ల. కొత్త పిల్లకి ఈ ఏర్పాటు తెలియదు. "పెద్దదాన్ని, చెప్పినట్టు చెయ్యి" అని బెదిరించి, మళ్లీ అదే పద్ధతిలోకి దించింది పచ్చలైటక్క. ఈసారి నంబరు నలభై నాలుగు.

ఇంట్లో అత్తకి రెండు వైపులా నోరు మూతపడింది. అడ్డుగోడ అవతలి నుంచి చిన్నకోడలు పొద్దున్నే ఏవో ఇళ్లల్లో పనికి వెళ్లొస్తున్న చప్పుడు తప్ప మాట వినిపించేది కాదు.

పదేళ్లు నిండిన రోజు వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని ఆఫీసు గదికి వెళ్లింది. గుమాస్తా బల్ల మీద ఒక ట్యాబ్, దానికి తోక, తోకకి వైరు, వైరు చివర అగ్గిపెట్టెంత గాజుబిళ్ల. ఎవరు తగిలించారో గానీ సరిగ్గా తగిలించారనుకుంది.

"బొటనవేలు పెట్టమ్మా. చేరినప్పటి వేలిముద్రతో కలిస్తే పర్మినెంటు కాగితం దానంతటదే వస్తుంది."

పెట్టింది. ఎర్రలైటు.

"తుడుచుకుని పెట్టు."

ఎర్రలైటు. గుమాస్తా చేతులు కడుక్కు రమ్మన్నాడు. వచ్చి పెట్టింది. ఎడమ చెయ్యి. చూపుడువేలు. వరసగా పది వేళ్లూ పెట్టింది. పదిసార్లూ ఎరుపే. గుమాస్తా ఆమె వేలు పట్టుకుని దీపం కిందికి లాగి చూశాడు. గీతల్లేవు. లక్షల పిన్నులు, లక్షల మీటలు నున్నగా గీకేసిన వేళ్లు, నదిలో దొరికే గులకరాళ్లలా మెరుస్తున్నాయి.

"ఇలాంటప్పుడు ఒకటే దారి. నీ బల్ల మీద నీతో కనీసం అయిదేళ్లు పనిచేసిన మనిషి వచ్చి, ఈమే ఆమె అని సంతకం పెట్టాలి. ఎవరున్నారు?"

ఆమె చేతులు కొంగులో దాచుకుంది.

"ముప్పయ్యొకటి," అని తనే కాగితాల్లో చూసుకున్నాడతను. "ఆ, తీసేశారు. ఇంకెవరూ లేరా? అయితే సూపర్‌వైజరుని పిలుస్తా."

సూపర్‌వైజరు వచ్చాడు. వేళ్లు చూశాడు. జేబులోంచి ఒక పిన్ను ముక్క తీశాడు. "చేతులు వెనక్కి పెట్టుకోమ్మా." వెనక్కి వెళ్లి ఆమె చేతుల్లో పెట్టాడు. "గుర్తు పైనుందా, కిందుందా?"

ఆమె తడిమింది. కాగితం వెనక నుంచి కాగితాన్ని తడిమినట్టుంది. కిటికీలోంచి షెడ్డు కనిపిస్తోంది, కొత్త పిల్ల ఒక్కతే గుట్టగా పడ్డ బోర్డులతో అవస్థ పడుతోంది.

"పైన," అంది.

"పిన్ను నా చేతిలోనే ఉంది. నీకిచ్చింది పెన్సిలు ముక్క."

గుమాస్తా తల దించుకున్నాడు. సూపర్‌వైజరు దించుకోలేదు. వెళ్లి తన సొరుగు తెరిచి ఒక బోర్డు తెచ్చాడు. వెనక స్టిక్కరు వంకరగా ఉంది. ఇరవయ్యేడు.

"ఇది వచ్చి రెండు నెలలైంది. నా లైన్లో ఒక మనిషైనా పర్మినెంటైతే పైవాళ్ల దగ్గర నాకు పేరు. అందుకని దాచాను. ఇప్పుడింక దాచి ఏం లాభం చెప్పు?"

రెండు నెలలు. అంటే చిన్నకోడలు నడి షెడ్డులో నిలబడి నిజం చెప్పిన రోజున, ఆ నిజానికి సాక్ష్యం ఇతని సొరుగులోనే ఉంది. పచ్చలైటక్క అతని మొహంలోకి చూసింది. ఆ రోజు పెదవి చివర కదిలిందేమిటో ఇప్పుడు తెలిసింది. అబద్ధం ఆమె ఒక్కతే ఆడిందనుకుంది ఇన్నాళ్లూ.

"రేపట్నుంచి రావద్దు. ఇవాళ్టికి షిఫ్టు అయ్యేదాకా కూర్చుని వెళ్లు, చెయ్యి తక్కువైంది," అంటూ వైరు ఆమె మెడకి చుట్టాడు.

ఆ సాయంత్రం దాకా ఇరవయ్యేడో నంబరు మెడలో బోర్డుతో కూర్చుంది. ఒకప్పుడు ఆమె నవ్విన మొహాలన్నీ ఆ బల్లల చుట్టూ ఉన్నాయి. నవ్వారు. ఎందుకు నవ్వరు, నవ్వడం నేర్పింది ఆమే.

గేటు దగ్గర బోర్డు విప్పేసుకున్నారు. మెడ మీద వైరు ఒరుసుకున్న ఎర్రటి గీత మాత్రం విప్పడానికి రాలేదు. ఇంటి దగ్గర చిన్నకోడలు తన వైపు గుమ్మంలో కూర్చుని చాట చెరుగుతోంది. వసారాలోంచి అత్త, "ఏమే పెద్దదానా, అయిందా పర్మినెంటు?" అని అరిచింది.

చిన్నకోడలు తలెత్తి మెడ వంక చూసింది.

"ఎన్ని?"

"ఒకటి."

"నాకు ఐదు," అంది చిన్నకోడలు, మళ్లీ చాట వైపు వంగుతూ.

పచ్చలైటక్క తన తలుపు దగ్గరికి నడిచి, కొంగు ముడిలోంచి తాళంచెవి తీసి తాళంలో పెట్టింది. దిగలేదు. తిప్పి పెట్టింది. దిగలేదు. తాళంచెవి జారి మెట్టు మీద పడితే, పడిన చప్పుడు విన్నాక గానీ పడిందని తెలియలేదు. వంగి తీసుకుని మళ్లీ పెట్టింది. అయిదు నెలలు ఆమె కోసం వేల పిన్నులు గుచ్చిన మనిషి, రెండు బారల దూరంలో కూర్చుని, చాట చెరగడం ఆపి చూస్తోంది. లేవలేదు.